పొగ కోసం పుట్టిన దీపం

2009లో న్యూజెర్సీలో ఎం.ఎస్. చదువుతూ నేను కొన్న మొదటి కారు అప్పటికే ఎనిమిదేళ్లు రోడ్ల మీద నలిగింది. ధర 2,400 డాలర్లు. మూడో వారానికల్లా స్పీడోమీటర్ పక్కన ఇంజిన్ బొమ్మ పసుపురంగులో వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది. పికప్ తగ్గలేదు, వేడెక్కడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం కాస్త వణుకుతోంది. షాపుకు తీసుకెళ్తే స్కానర్ తగిలించారు. పి0171 అని కోడ్ వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్ పోయింది, మారిస్తే 260 డాలర్లవుతుంది అన్నారు. ఆ రోజుల్లో గది అద్దెలో నా వాటా దాదాపు అంతే.

మా పై అంతస్తులో ఒంగోలు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవారు. మెకానికల్ ఇంజినీరు. ఆయనకు చెప్తే నవ్వారు. "సెన్సార్ ఏం చెప్పింది తమ్ముడూ? గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలట్లేదని చెప్పింది. ఉన్నమాట చెప్పినోణ్ణి పట్టుకుని పీకేస్తే ఎట్లా?"

ఆ మాటలో ఉన్న పస తెలియాలంటే ఈ దీపం పుట్టింటికి వెళ్లి రావాలి. పేరులో ఇంజిన్ ఉంది గానీ, దీన్ని కన్నది పొగ.

1943 జులైలో లాస్ ఏంజెలిస్‌ను ఒక మురికి మబ్బు కమ్మేసింది. జనానికి కళ్లు మంటలు, గొంతు గరగర. యుద్ధకాలం కదా, జపాన్ వాళ్లు విషవాయువు వదిలారని కొందరు హడలిపోయారు. తర్వాత నింద ఊళ్లోని ఒక రసాయన కర్మాగారం మీదికి పోయింది. దాన్ని మూయించినా మబ్బు వీడలేదు. అసలు దొంగను పట్టిచ్చినవాడు కాల్టెక్ విద్యాసంస్థలో పనిచేస్తున్న డచ్చి జీవరసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్. అప్పటిదాకా ఆయన అనాసపండు వాసన ఏయే పదార్థాల వల్ల వస్తుందో తేల్చే పనిలో ఉన్నాడు. అదే నైపుణ్యంతో ఊరి గాలిని పట్టి పరీక్షించి, 1950ల తొలినాళ్లలో గుట్టు విప్పాడు. కార్ల నుంచి, చమురు శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఎండలో మాగి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయి. కారు కక్కినదాన్ని సూర్యుడు మళ్లీ వండి వడ్డిస్తున్నాడన్నమాట. కార్ల కంపెనీలు ఈ మాటను అంత తేలిగ్గా మింగలేదు. 1968లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి హాగెన్-స్మిట్టే తొలి అధ్యక్షుడయ్యాడు. మన డ్యాష్‌బోర్డు దీపం ఎప్పుడు వెలగాలో తర్వాత రోజుల్లో నియమాలు రాసింది ఆ మండలే.

1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని బిగించింది. దాంతో 1975 మోడల్ కార్లకు సైలెన్సర్ కంటే ముందు క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చి చేరింది. తేనెపట్టు లాంటి పింగాణీ గదులు, వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం పూత. కాలీకాలని పొగ వాటిలోంచి పోతూ పూర్తిగా కాలిపోతుంది. చిక్కల్లా నైట్రోజన్ ఆక్సైడ్లతో వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను పోగొట్టాలంటే ఆక్సిజన్ కలపాలి. నైట్రోజన్ ఆక్సైడ్లను పోగొట్టాలంటే ఆక్సిజన్ తీసేయాలి. రెండు పనులూ ఒకే డబ్బాలో జరగాలంటే ఇంజిన్‌లోకి ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి పోవాలి. కాస్త అటూ ఇటూ అయినా లెక్క తప్పుతుంది. కార్బురేటర్‌కు అంత ఓపిక ఎక్కడిది?

అందుకని వంట మధ్యలో ఉప్పు చూసే మనిషి కావలసి వచ్చింది. జర్మనీ కంపెనీ బాష్ తయారుచేసిన లాంబ్డా సెన్సార్ 1976లో వోల్వో కార్లలో ఆ ఉద్యోగంలో చేరింది. అమెరికాకు పంపిన ఆ కార్ల ముందు జాలీ మీద వోల్వో వాళ్లు 'లాంబ్డా సాండ్' అని గర్వంగా బిళ్ల కూడా తగిలించారు. సెన్సార్ చూడ్డానికి స్పార్క్ ప్లగ్‌కు చుట్టంలా ఉంటుంది. లోపల దర్జీ వేలితొడుగంత జిర్కోనియా పింగాణీ టోపీ. టోపీకి బయట పొగ, లోపల మామూలు గాలి. 300 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ పింగాణీ గుండా ఆక్సిజన్ అయాన్లు కదలగలుగుతాయి. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఎంత తేడా ఉంటే అంత వోల్టేజీ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే 0.9 వోల్టు, మిగిలిపోతే 0.1 వోల్టు. 14.7 గీత దాటేచోట వోల్టేజీ ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడును చూసే కంప్యూటర్ పెట్రోలును తగ్గించి, పెంచి, మళ్లీ తగ్గిస్తూ ఉంటుంది. ఇంత కీలకమైన పరికరం ఇరవై నాలుగు గంటలూ పొగలోనే కాపురం చేస్తుందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

కారులోకి కంప్యూటర్ వచ్చాక, దానికి తోచింది డ్రైవరుకు చెప్పే నోరు కావాలి కదా. 1981లో జనరల్ మోటార్స్ తన పెట్రోలు కార్లలో దాదాపు అన్నింటికీ కంప్యూటర్ పెట్టి, దానికొక దీపం తగిలించింది. స్కానర్ లేనివాడు డ్యాష్‌బోర్డు కింది ప్లగ్గులో రెండు రంధ్రాలను ఒక తీగముక్కతో కలిపి తాళం తిప్పితే చాలు, దీపం మిణుకుతూ అంకెలు చెప్పేది. ఒక మిణుకు, కాస్త ఆగి రెండు మిణుకులు అంటే 12. ఇంజిన్ తిరగట్లేదు కాబట్టి సిగ్నల్ లేదు, అంతకుమించి ఏమీ లేదని దాని అర్థం. 44 మిణికితే పెట్రోలు పలుచన, 45 అయితే చిక్కన. ఆ రోజుల మెకానిక్కులు పల్లెటూరి పోస్టుమాస్టరు తంతి విన్నట్టు దీపాన్ని చదివేవాళ్లు.

అయితే ఒక్కో కంపెనీది ఒక్కో భాష, ఒక్కో ప్లగ్గు. కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి స్వయం పరీక్షను తప్పనిసరి చేసినా ఈ బాబెలు గోల తగ్గలేదు. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఓబీడీ-2 అనే ఉమ్మడి స్వయం పరీక్ష పద్ధతి వచ్చింది. స్టీరింగ్ దగ్గరలో 16 పిన్నుల ప్లగ్గు, అందరికీ ఒకే కోడ్‌భాష. అందులో 'పి' అంటే ఇంజిన్, గేర్లు. తర్వాతి సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్. ఆ తర్వాత 1 ఉంటే గాలి, పెట్రోలు సంగతి. 3 ఉంటే మంట సంగతి. దీపం ఎప్పుడు వెలగాలన్న నిబంధన చూస్తే దాని మనసు తెలుస్తుంది. చాలా అంశాల్లో కొలబద్ద ఒకటే, పొగ చట్టం పెట్టిన హద్దుకు ఒకటిన్నర రెట్లు దాటే ప్రమాదం ఉందా లేదా అని. ఆయిల్ ప్రెషర్ పడిపోతే, ఇంజిన్ ఉడికిపోతే చెప్పడానికి వేరే దీపాలున్నాయి. టైమింగ్ బెల్టు రేపు తెగబోతున్నా ఈ పసుపు దీపానికి పట్టదు. పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోతే మాత్రం వెలుగుతుంది. పెట్రోలు ఆవిరి గాలిలో కలుస్తోంది కాబట్టి.

ఇప్పుడు మా పార్కింగ్ లాట్‌కు వద్దాం. ఒంగోలు అన్న చేతిలో చిన్న స్కానర్. కోడ్‌ను ఆయన పెద్దగా పట్టించుకోలేదు, ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె తెరిచారు. కంప్యూటర్ తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు కంటే ఎంత శాతం ఎక్కువ పోస్తోందో చెప్పే అంకె అది. ఐడ్లింగ్‌లో 24 శాతం. అయిదారు శాతం లోపు ఉంటే బాగున్నట్టు. "ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కి 2,500 దగ్గర పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. అంకె మెల్లగా దిగి ఆరు దగ్గర ఆగింది.

రోగ నిర్ణయమంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, కాబట్టి ఎక్కడో పగులులోంచి దొంగచాటుగా దూరే కాస్త గాలి కూడా పెద్ద వాటా అవుతుంది. ఇంజిన్ బాగా పీల్చేటప్పుడు అదే పగులు లెక్కలోకి రాదు. పెట్రోలు పంపు నీరసించి ఉంటే ఇది తలకిందులయ్యేది. తొక్కేకొద్దీ కొరత పెరిగేది. సెన్సార్ చచ్చిపోయి ఉంటే తొక్కినా వదిలినా అంకె ఇంత తెలివిగా మారేది కాదు.

బానెట్ ఎత్తి చెవి పెడితే బుస్సుమని సన్నని చప్పుడు. ఇంజిన్ వెనకాల, బొటనవేలంత రబ్బరు గొట్టం ఒంపు తిరిగేచోట, కిందివైపు పగిలి ఉంది. పైనుంచి చూస్తే కనబడదు. అన్న వేలు పెట్టి మూయగానే వణుకు ఆగిపోయింది. కొత్త గొట్టం తొమ్మిది డాలర్లు.

ఆ రోజు తర్వాత నాకు పట్టుబడిన సంగతి ఒకటుంది. కోడ్ అనేది సాక్షి వాంగ్మూలం లాంటిది. తీర్పు చెప్పాల్సింది మనం. పి0420నే తీసుకోండి. చాలామంది మెకానిక్కులు ఆ కోడ్ చూడగానే కన్వర్టర్ మార్చమంటారు. అందులో ఉన్నవి ఖరీదైన లోహాలు, కాబట్టి బిల్లు కూడా అలాగే ఉంటుంది. ఆ కోడ్ వెనక నిజంగా జరిగేది ఇది. కన్వర్టర్‌కు ముందొక సెన్సార్, వెనకొక సెన్సార్ ఉంటాయి. ముందుది పైకీ కిందికీ దూకుతుండాలి. మంచి కన్వర్టర్ ఆక్సిజన్‌ను దాచుకుని, అవసరమైనప్పుడు వదిలి ఆ ఆటుపోట్లను మింగేస్తుంది. అందుకని వెనకది నింపాదిగా ఉండాలి. వెనకది కూడా ముందుదాంతో పాటు గెంతుతోందంటే కన్వర్టర్ సత్తువ తగ్గిందని కంప్యూటర్ అనుమానిస్తుంది. కానీ పొగగొట్టం అతుకు దగ్గర చిల్లు పడి బయటి గాలి లోపలికి దూరినా అనుమానం అలాగే కలుగుతుంది. ముందు చిల్లు వెతకాలి, తర్వాత డబ్బా ధర అడగాలి.

దీపం మిణుకుమిణుకుమంటే మాత్రం ఈ నింపాది పనికిరాదు. ఇంజిన్ బాగా మిస్సింగ్ కొడుతోందని, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని దానర్థం. ఆ వేడికి లోపలి తేనెపట్టు కరిగిపోగలదు. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కన ఆపేయాలి. మిస్సింగ్‌ను కంప్యూటర్ పట్టుకునే తీరు కూడా ముచ్చటైనదే. క్రాంక్‌షాఫ్ట్ చక్రం పళ్లు ఎంతెంత వ్యవధిలో దాటుతున్నాయో లెక్కపెడుతూ, ఒక సిలిండర్ తన వంతు తన్ను తన్నకపోతే ఆ చిన్న తడబాటును గమనిస్తుంది. గతుకుల రోడ్డు కూడా అలాంటి తడబాటే పుట్టిస్తుంది కాబట్టి, కొన్ని కార్లు రోడ్డు బాగోలేదని గుర్తించి ఆ లెక్కను కాసేపు పక్కన పెడతాయి.

నా కథలో ఇంకో మెలిక మిగిలింది. గొట్టం మార్చి, స్కానర్‌తో కోడ్ చెరిపేసి, మర్నాడే రాష్ట్ర తనిఖీకి వెళ్లాను. వెనక్కి పంపేశారు. కోడ్ చెరిపినప్పుడు కంప్యూటర్ చేసుకున్న స్వయం పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. 2001, ఆ తర్వాతి మోడళ్లయితే అలా పూర్తికాని పరీక్ష ఒక్కటి ఉంటే సర్దుకుంటారు, అంతకు మించితే కుదరదు. దీపాన్ని ఆర్పేసి తనిఖీ దాటేద్దామనుకునేవాళ్ల కోసం పెట్టిన తాళం అది. బాగు చేసుకున్న నేనూ అందులోనే ఇరుక్కున్నాను. వారం రోజులు ఊళ్లో, హైవే మీద తిప్పాక పాసయింది.

మన దగ్గర హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 పొగ ప్రమాణాలు వచ్చినప్పుడు ఈ స్వయం పరీక్ష అడుగుపెట్టింది. 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 స్థాయికి చేరింది. అంటే ఇవాళ మన సెకండ్ హ్యాండ్ బజారులో తిరుగుతున్న కార్లలో చాలావాటికి స్టీరింగ్ కింద ఆ 16 పిన్నుల ప్లగ్గు ఉంది. ఫోనుతో మాట్లాడే చిన్న స్కానర్లు కూడా తేలిగ్గానే దొరుకుతున్నాయి.

పాత కారు కొనబోతుంటే డబ్బు చేతులు మారకముందు ఒక పని చేయండి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆగండి. ఆ పసుపు దీపం తప్పకుండా వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగలేదంటే దాన్నెవరో నోరు మూయించారేమోనని అనుమానించండి. ఆ బండి బేరం అక్కడే ఆపేయండి.