కంపవాతమును కొలుచుట



పులికాట్ సరస్సును మనవారు ప్రళయకావేరి యందురు. దాని ముఖద్వారమునొద్ద ఒక్క నిమిషము నిలిచి చూచినవాడు, నీరు పోటో పాటో నిశ్చయింపజాలడు. కొంతసేపు గట్టున కూర్చుండవలెను. కంపవాతపు స్వభావమును అట్టిదే.

ఇంగ్లండు వైద్యుడు జేమ్సు పార్కిన్సను 1817లో ఈ రోగమును వర్ణించినందున పాశ్చాత్యులు దీనిని ఆయన పేరనే పిలుతురు. మెదడులో డోపమీను అను ద్రవ్యమును పుట్టించు కణములు క్షీణించుటచే చేయి వణకును, అవయవములు బిగియును, నడక మందగించును. చేవ్రాత సైతము చిన్నదగును. నా బాల్యమిత్రుని జాబులో పంక్తి మొదట సెనగగింజంత యున్న అక్షరము చివరకు ఆవగింజంత యగుట చూచి, 40 ఏండ్లు పలకలు దిద్దిన నాకు అనుమానము పొడమినది.

దీనికి ముఖ్యౌషధము లెవోడోపా. 1937లో మదరాసులో దామోదరన్, రామస్వామి గారలు మన దూలగొండి గింజలనుండియే దానిని వేరుపరచిరి. (అట్లని గింజలు నూరి మ్రింగరాదు, ఏ గింజలో నెంత యుండునో చెప్పలేము.) రోగము ముదిరినకొలది మాత్ర బలము కొన్ని గంటలకే తరుగును. మందు చాలనిచో శరీరము కొయ్యబారును. మితిమీరినచో తలయు చేతులును తమంత తామే మెలికలు తిరుగును. ఈ మెలికలను ఇంటివారు వణుకే యనుకొందురు. నా మిత్రుని కుమారుడట్లే భ్రమించి, వణుకు హెచ్చినదని చెప్పగా మాత్ర పెంచబడినది. పిదప ఆ వృద్ధుడు అన్నపుముద్దను నోటికి చేర్చుకొనలేకపోయెను. తప్పు ఎవరిదందుము? వైద్యుడు చూచునది 10 నిమిషములు. రోగము మారునది గంటగంటకును.

ఇందులకే ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను పరిశోధకులు ముంజేతి గడియారమువంటి యంత్రమును నిర్మించి, 2012లో దాని పరీక్షాఫలములను ప్రకటించిరి. రోగి దానిని ఆరేడు దినములు ధరించును. అది చేతి కదలికలను గ్రహించి, రెండేసి నిమిషములకొకసారి మాంద్యమెంత, మెలిక యెంత అని లెక్కకట్టును. మాత్ర వేళకు అదరి జ్ఞాపకము చేయును. ఆ లెక్కను మాత్రల వేళలతో సరిపోల్చినచో ఏది చాలలేదో, ఏది మించినదో వైద్యునికి తేటపడును.

మా మిత్రునికి ఆ యంత్రము దొరకలేదు. ఆయన మనుమడు ఒక నోటుపుస్తకములో మాత్ర వేళలు, భోజనపు వేళలు, మంచము లేచి వాకిటికి నడచుటకు పట్టిన సెకండ్లు 5 దినములు వ్రాసెను. మాత్ర మ్రింగిన గంటకు మెలికలు హెచ్చుచున్నవని తెలిసినది. చేపలకూరతో భోజనమైన వెంటనే మ్రింగిన మాత్ర మాత్రము సరిగా పట్టుటలేదు. మాంసకృత్తులు ఆ మందును రక్తములో చేరనీయక అడ్డగించును. వైద్యుడు ఆ పుస్తకము చూచి మోతాదు తగ్గించి, మధ్యాహ్నపు మాత్రను భోజనమునకు ముందునకు జరిపెను.

గడచిన నెల వచ్చిన జాబులో అక్షరములు పంక్తి చివరివరకు పెసరగింజలంత నిలిచినవి.