జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం ఆంధ్ర ప్రదేశ్‌లోని జగ్గయ్యపేట పట్టణ సమీపమున ధనబోడు అనే చిన్న గుట్టపై ఉన్న ప్రాచీన బౌద్ధ కట్టడం. "బోడు" అంటే దిబ్బ లేదా గుట్ట. ధనబోడు అంటే ధనమున్న గుట్ట అని అర్థం. క్రీస్తు పూర్వపు శతాబ్దాలలో మొదలైన ఈ స్తూపం క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజుల కాలం నాటికి "మహాచైత్యం"గా పేరు పొందింది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు కృష్ణా జిల్లాలోని మెట్ట భాగానికి చెందినవి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి.

ఎత్తైన గోపురాన్నో బురుజునో ఊహించుకొని వచ్చే యాత్రికునికి ఇక్కడ కనిపించేది స్తూపం అడుగు భాగం మాత్రమే. దీని శిల్పాలలో ముఖ్యమైనవి చెన్నైలో ఉన్నాయి. కాబట్టి ఏది ఎక్కడ ఉండేదో ముందుగా తెలుసుకొని వస్తే ఈ స్థలం బాగా అర్థమవుతుంది.

స్తూపం అంటే

బుద్ధుని లేదా బౌద్ధాచార్యుల ధాతువుల (శరీర అవశేషాల) పైన గానీ, వారి స్మారకంగా గానీ నిర్మించే అర్ధగోళాకారపు కట్టడమే స్తూపం. దేవాలయం వలె దీనిలోనికి ప్రవేశించరు. చుట్టూ ఉన్న మార్గంలో కుడివైపుగా ప్రదక్షిణ చేస్తారు. అండం అనే గుండ్రని భాగంపై హర్మిక, దానిపై ఛత్రాలు ఉంటాయి. బౌద్ధంతోపాటు ఈ నిర్మాణం తూర్పు దేశాలకు వ్యాపించింది. చైనా, జపాన్‌లలో యాత్రికులు చూసే పలు అంతస్తుల పగోడా గోపురాలకు మూలం ఇదే.

పట్టణం పేరు, చరిత్ర

జగ్గయ్యపేటకు పూర్వనామం బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఈ పట్టణాన్ని విస్తరింపజేసి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఈ జమీందారు పేరు మరొక స్తూపం చరిత్రలోనూ వస్తుంది. 18వ శతాబ్ది చివరలో ఆయన అమరావతిలో కొత్త పట్టణం కట్టించేటప్పుడు అక్కడి "దీపాలదిన్నె"ను ఇటుకల కొరకు, రాళ్ళ కొరకు తవ్వారు. ఆ తవ్వకంలోనే చెక్కడపు రాళ్ళు బయటపడ్డాయి. ఆ వార్త విని కల్నల్ కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళి చూడడంతో అమరావతి స్తూపం లోకానికి తెలిసింది.

జగ్గయ్యపేట స్తూపాన్ని పురావస్తు శాఖకు చెందిన జేమ్స్ బర్జెస్ 1882 ప్రాంతంలో తవ్వించి పరిశీలించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల గురించి ఆయన రచించిన సచిత్ర గ్రంథం 1887లో ప్రచురితమైంది. ఆనాడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అందువలన ఇక్కడ దొరికిన ముఖ్యమైన శిల్పాలు మద్రాసు మ్యూజియమునకు చేరాయి.

నిర్మాణం

స్తూపం వ్యాసం సుమారు 31 అడుగులు. అమరావతి మహాస్తూపంతో పోలిస్తే ఇది చాలా చిన్నది. కానీ దీని నిర్మాణ పద్ధతి గమనించదగినది. సుమారు రెండు అడుగుల మందాన మట్టిని దట్టించి, దానిపై పెద్ద పెద్ద ఇటుకలను దగ్గరగా పరిచి, మళ్ళీ మట్టి వేసి, ఇలా పొరలు పొరలుగా లేపారు. పూర్తిగా ఇటుకతో కట్టడం కన్నా ఈ పద్ధతిలో ఇటుక తక్కువ పడుతుంది. వెలుపలి భాగానికి సున్నపురాతి పలకలు తాపడం చేశారు. ఈ పలకలు ఊడిపోతే లోపలి మట్టి వానకు కరిగి, కట్టడం దిబ్బగా మారుతుంది.

ఆంధ్ర దేశపు స్తూపాలకు ప్రత్యేకమైనవి ఆయక వేదికలు. స్తూపం నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొని వచ్చే ఈ వేదికలపై ఐదేసి స్తంభాలు నిలుపుతారు. బుద్ధుని జీవితంలోని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు ఇవి సంకేతాలు. మధ్య భారతంలోని సాంచి వంటి స్తూపాలలో ఇవి కనిపించవు.

శాసనాలు

ఇక్కడి ఆయక స్తంభాలలో మూడింటిపై ఒకే విషయం తెలిపే ప్రాకృత శాసనాలు దొరికాయి. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం, వర్షాకాలపు 8వ పక్షం, 10వ దినమున ఇవి వేయించబడ్డాయి. వర్షాకాలమునకు నాలుగు నెలలు, అనగా ఎనిమిది పక్షాలు. కాబట్టి ఇది వానలు ముగిసే కాలం.

దాత రాజు కాదు, రాణి కాదు. అతడు సిద్ధార్థుడనే శిల్పి. శాసనంలో అతని వృత్తిని "ఆవేసని" అన్నారు. కమ్మకరఠం (కమ్మరాష్ట్రం)లోని నడతూరుకు చెందిన నాకచందుడనే ఆవేసని కుమారునిగా, మహాకండురూరు గ్రామ నివాసిగా అతడు తనను తాను చెప్పుకున్నాడు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక మొదలగు కుటుంబ సభ్యులతో కలసి, వెలగిరిలోని బుద్ధ భగవానుని మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలను సర్వప్రాణుల హితసుఖముల కొరకు ప్రతిష్ఠించాడు. వెలగిరి ఇక్కడి గ్రామానికి నాటి పేరు. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఒక పనివాని కుటుంబం పేర్లు ఇలా రాతిపై నిలిచి ఉండటం అరుదు. అక్షరాల నిలువు గీతలను బాగా పొడుగుగా సాగదీసి అలంకరించిన ఈ లిపి ఇక్ష్వాకుల కాలపు బ్రాహ్మీకి మంచి ఉదాహరణ.

క్రీ.శ. 6వ శతాబ్ది ప్రాంతానికి చెందిన మరొక శాసనం నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడనీ, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధ ప్రతిమను చేయించాడనీ చెబుతుంది. దీనిని బట్టి ఇక్ష్వాకుల తరువాత కూడా ఇక్కడ బౌద్ధం కొనసాగినట్లు తెలుస్తున్నది.

శిల్పాలు

ఇక్కడ దొరికిన వాటిలో ప్రసిద్ధమైనది మాంధాత చక్రవర్తి శిల్పం. ఇది క్రీ.పూ. 1వ శతాబ్ది ప్రాంతానికి చెందినదిగా భావిస్తారు. ప్రస్తుతం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. రాజు చేయి పైకెత్తి నిలబడగా మేఘాల నుండి చతురస్రాకారపు నాణేలు వర్షిస్తుంటాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి మొదలైన చక్రవర్తి రత్నాలు ఉంటాయి. ఆ నాణేలు నాటి విద్ధాంక నాణేలను పోలి ఉంటాయి. జాతక కథ ప్రకారం ధనవర్షం కురిపించగలిగినా తృప్తి చెందని మాంధాత, ఇంద్ర పదవిని కూడా కోరి స్వర్గం నుండి పతనమయ్యాడు.

ఈ శిల్పంలో చెక్కడం లోతు తక్కువ, మనుషులు పొడుగుగా, సన్నగా ఉంటారు. తరువాతి అమరావతి శిల్పాలలో చెక్కడం లోతుగా ఉండి, గుంపులు, కదలికలు కనిపిస్తాయి. రెండూ ఒకే మ్యూజియంలో ఉన్నందున ఆంధ్ర శిల్పకళ ఎదిగిన తీరును పోల్చి చూడవచ్చు.

సందర్శన

జగ్గయ్యపేట విజయవాడ నుండి సుమారు 75 కి.మీ. దూరంలో, హైదరాబాదు - విజయవాడ 65వ నెంబరు జాతీయ రహదారికి చేరువలో ఉంది. అదే దారిలో నందిగామ వస్తుంది. మెట్ట ప్రాంతం కావడం వలన వేసవిలో ఎండ తీవ్రత ఎక్కువ. ఉదయం పూట, శీతాకాలంలో చూడటం మేలు.

ముందుగా స్తూపం చుట్టూ కుడివైపుగా ఒకసారి నడిస్తే దాని పరిమాణం తెలుస్తుంది. తరువాత తూర్పు దిక్కున నిలిచి సిద్ధార్థుని ఐదు స్తంభాలను ఊహించుకోవచ్చు. కట్టడంపైకి ఎక్కడం, ఇటుక ముక్కలు తీసుకొని పోవడం చేయరాదు. ధనబోడు అనే పేరును బట్టి నిధి కోసం వెదకడం కూడా వ్యర్థం. రక్షిత పురావస్తు స్థలాలలో తవ్వడం చట్టరీత్యా నేరం. పైగా వస్తువు ఏ పొరలో, ఏ చోట దొరికిందో తెలియకపోతే దాని చరిత్ర కూడా పోతుంది.

సమీపంలో కృష్ణా తీరాన వేదాద్రి యోగానంద లక్ష్మీనరసింహస్వామి ఆలయం, ముక్త్యాల, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ ఆలయం ఉన్నాయి. నందిగామ ప్రాంతంలోని గుమ్మడిదుర్రు, అల్లూరులలో కూడా బౌద్ధ అవశేషాలు బయటపడ్డాయి. అల్లూరు బుద్ధ విగ్రహాన్ని విజయవాడలోని బాపు మ్యూజియంలో (పూర్వపు విక్టోరియా జూబిలీ మ్యూజియం) చూడవచ్చు.

ఇవి కూడా చూడండి

అమరావతి స్తూపం
నాగార్జునకొండ
ఘంటసాల
భట్టిప్రోలు
ఇక్ష్వాకులు