వార్తల్లో పదం: మధ్యంతర కస్టడీ

దొంగ దొరికాడు, కర్నూలులోనో కడపలోనో పోలీసులు బల్లపై నగలు పరిచి ఫొటో దిగారు. అంతమాత్రాన సొత్తు చేతికొచ్చినట్టు కాదు. అది కోర్టు అధీనంలో ఉంటుంది. తీర్పు దాకా ఆగకుండా, పూచీకత్తు మీద దాన్ని సొంతదారుకు అప్పగించడమే మధ్యంతర కస్టడీ.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్ దీనికి గడువు పెట్టింది: వస్తువు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాల నమోదు, ఫొటో, అవసరమైతే వీడియో, ఆపై 30 రోజుల్లో ఉత్తర్వు. చిక్కల్లా సొత్తు తనదేనన్న రుజువు దగ్గరే. ఇంటికి తాళమేసి కోసిగి నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి (వలస పనికి) వెళ్లిన కూలీ, అమ్మ ఇచ్చిన కమ్మలకు బిల్లెక్కడ తెస్తాడు? పెళ్లి ఫొటో ఉంటే అదే అక్కరకొస్తుంది.

నగ చేతికొచ్చినా, కేసు తేలేదాకా అమ్మొద్దు, కరిగించొద్దు.