ఎముక విరగలేదు... అయినా చెయ్యి ప్రమాదంలో!

ఓ కుర్రాడు బైక్ మీంచి పడ్డాడనుకుందాం. ముంజేయి రోడ్డుకేసి కొట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే ఎముకకు బీటైనా లేదు. 'హమ్మయ్య, ఉత్తి కమిలిన దెబ్బే' అనుకున్నారంతా. రాత్రయ్యేసరికి మాత్రలు వేసినా నొప్పి ఆగట్లేదు. 'దెబ్బన్నాక నొప్పి ఉండదా, తెల్లారాక చూద్దాం' అంటారు పెద్దలు. కొంపముంచేది సరిగ్గా ఆ మాటే. అక్యూట్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ తెల్లారేదాకా ఆగదు మరి!

చేతిలోని కండరాలు, నరాలు, రక్తనాళాలు అరలు అరలుగా సర్ది ఉంటాయి. ఒక్కో అర చుట్టూ ఫేషియా అనే గట్టి పొర. అది పెద్దగా సాగదు. దెబ్బకు లోపల రక్తం చేరినా, కండరం వాచినా ఉబ్బడానికి చోటుండదు. మామూలుగా 10 మిల్లీమీటర్ల లోపే ఉండే పీడనం పెరుగుతూపోయి, బీపీలోని కింది అంకెకు 30 తేడాలోకి వచ్చిందంటే సన్నటి రక్తనాళాల్లో ప్రవాహం కుంటుపడుతుంది. సుమారు ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవచ్చు. జబ్బలో ఇది అరుదు, ముంజేతిలోనే ఎక్కువ. రక్తం పలుచబడే మందులు వాడేవారికి చిన్న దెబ్బైనా ముప్పే.

ఎముక విరగడం తప్పనిసరేం కాదు. ఎడిన్‌బరో వైద్యులు 2000లో ప్రచురించిన 164 మంది రోగుల పరిశీలనలో దాదాపు మూడో వంతు మందికి ఎముక విరగనేలేదు!

తగిలిన దెబ్బకు పొంతనలేనంత నొప్పి ఉంటే అనుమానించాలి. ముడిచిన వేళ్లను మెల్లగా చాపితే రోగి కేక పెడతాడు. చెయ్యి చెక్కలా బిగుసుకుంటుంది. తిమ్మిరెక్కి, వేళ్లు కదలకపోతే అప్పటికే ఆలస్యమైనట్టు. చిత్రమేంటంటే... మణికట్టు దగ్గర నాడి మాత్రం చక్కగా కొట్టుకుంటూనే ఉండొచ్చు. దాన్ని చూసి ధీమా పడకూడదు.

బిగుతైన కట్టూ ఇంతే పని చేస్తుంది. రక్తం అందక చేతి కండరాలు చచ్చి, వేళ్లు పక్షిగోళ్లలా ముడుచుకుపోవడాన్ని జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫాన్ వోక్‌మన్ 1881లోనే వివరించారు. (కలం పేరుతో పిల్లల కథలూ రాశారాయన!) కాబట్టి నొప్పి పెరుగుతుంటే ముందు గుడ్డకట్టు విప్పేయాలి. సిమెంటు కట్టయితే వెంటనే ఆస్పత్రికెళ్లి చీల్పించాలి. మర్దన, కాపడం వద్దు. వాపు తగ్గుతుందని చేతిని పైకెత్తి కట్టడమూ తప్పే, ఉన్న కాస్త రక్తమూ అందదు. గుండె ఎత్తులోనే ఉంచి, అర్ధరాత్రైనా ఎముకల సర్జన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అక్కడ చేసేది ఫేషియాటమీ. చర్మాన్నీ, కింది పొరనూ పొడవునా కోసి ఒత్తిడి వదిలిస్తారు. గాయాన్ని వెంటనే కుట్టరు. కొన్ని రోజులు తెరిచే ఉంచి, వాపు తగ్గాక మూస్తారు. అవసరమైతే తొడ నుంచి చర్మం తీసి అతికిస్తారు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఆ కోత చూసి ఇంట్లోవాళ్లు బెంబేలెత్తుతుంటారు కానీ, సకాలంలో పెట్టిన కోతైతే వేళ్లు మళ్లీ మామూలుగా ఆడే అవకాశం ఎక్కువ.