మార్పిడి గుండె - వ్యాయామం, బీటా బ్లాకర్లు

గుండె మార్పిడి శస్త్రచికిత్సలో దాత గుండెకున్న నాడులు తెగిపోతాయి. వేగాన్ని తగ్గించే వేగస్ నాడి అదుపు లేనందున, ఈ గుండె విశ్రాంతిలోనూ నిమిషానికి సుమారు 90-110 సార్లు కొట్టుకుంటుంది. వ్యాయామ సమయంలో అధివృక్క గ్రంథుల అడ్రినలిన్ రక్తం ద్వారా చేరిన పిదపనే దీని వేగం క్రమంగా హెచ్చుతుంది. వ్యాయామం ఆపినా త్వరగా తగ్గదు. కావున వ్యాయామాన్ని మెల్లగా ఆరంభించి, మెల్లగా ముగించాలి. శ్రమను గుండె వేగంతో గాక ఆయాసంతో అంచనా వేసుకోవాలి.

అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్లు ఆ అడ్రినలిన్ ప్రభావాన్నే అడ్డగిస్తాయి. రక్తపోటుకు సాధారణమైన ఈ మందులు వీరి వ్యాయామ శక్తిని గణనీయంగా తగ్గించగలవు. వైద్యుని సలహా లేనిదే వీటిని మొదలుపెట్టరాదు, మానరాదు.

భారతదేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడిని రాజమండ్రిలో జన్మించిన పి.వేణుగోపాల్ 1994 ఆగష్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేశాడు. తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో 2023 జనవరిలో ఒక బాలునికి ఈ చికిత్స జరిగింది.