ఊరకాకి, బొంతకాకి

కాకి అనగానే నలుపు గుర్తుకు వస్తుంది. కానీ జూబ్లీహిల్స్ వీధుల్లో మనకు తరచుగా కనిపించే కాకి పూర్తిగా నల్లనిది కాదు. దాని మెడ, రొమ్ము బూడిదరంగులో ఉంటాయి. అది ఊరకాకి. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, లావైన ముక్కు, కాస్త పెద్ద శరీరం ఉన్నది బొంతకాకి. దాని గొంతు కూడా లోతైనది, బొంగురైనది. పిల్లలకు ఒక్క ఉదయం చూపితే చాలు, ఇక పొరపడరు.

ఊరకాకి మనిషిని అంటిపెట్టుకొని బతుకుతుంది. ఫిల్మ్‌నగర్‌లో హోటళ్ళ వెనుక, చెత్తకుండీల చుట్టూ మూగేది ముఖ్యంగా అదే. గూటిలో పుల్లలతోపాటు ఇనుప తీగలూ అల్లుతుంది. బొంతకాకి సైతం ఎంగిలికి వస్తుంది గానీ దానికి చెట్ల నీడ కావాలి. ముకర్రం జా నివసించిన చిరాన్ ప్యాలెస్‌ను తనలో దాచుకొన్న కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం, 1998లో జాతీయ ఉద్యానవనమైన ఆ 390 ఎకరాల పచ్చదనం, ఈ కాంక్రీటు మధ్య దానికి తగిన చోటు. చెట్లు పలుచబడి చెత్త పెరిగిన చోట ఊరకాకిదే రాజ్యం.

ఆ రాజ్యం ఎంత దూరం పాకగలదో ఆఫ్రికా చూసింది. చెత్తను శుభ్రం చేస్తుందని 1890లలో జాంజిబార్ ద్వీపానికి ఊరకాకిని తీసుకువెళ్ళారు. అది తూర్పు ఆఫ్రికా తీరమంతా వ్యాపించి, స్థానిక పక్షుల గుడ్లను, కూనలను తినసాగింది. 2024లో కెన్యా ప్రభుత్వం పది లక్షల ఊరకాకులను నిర్మూలిస్తామని ప్రకటించింది. దానిని ఓడెక్కించింది మాత్రం మనిషే కదా!

ఆదం (అలైహిస్సలాం) కుమారుడు తన సోదరుణ్ణి చంపి, శవాన్ని ఏం చేయాలో తోచక నిలిచినప్పుడు అల్లాహ్ పంపిన కాకి నేలను తవ్వి చూపిందని సూరా మాయిదా 31వ ఆయత్ చెబుతుంది. అది ఏ జాతిదో అక్కడ లేదు. మిగిలిన ఆహారాన్ని దాచి పైన ఆకో మట్టో కప్పడం మాత్రం రెండు కాకులలోనూ చూడవచ్చు. మన ధర్మశాస్త్రవేత్తలు సైతం కాకులన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. గింజలు తినే పొలంకాకిని, కళేబరాలు తినే కాకిని వేరుచేసి చర్చించారు.

బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను వీధి మలుపులో వదిలేస్తే మొదట వాలేది ఊరకాకే. పేగులను లాక్కెళ్ళి పొరుగువారి మిద్దెపై, నీళ్ళ ట్యాంకుపై పడవేస్తుంది. వ్యర్థాలను సంచిలో కట్టి మున్సిపాలిటీ బండికి అందించడానికి, లేదా గొయ్యి తీసి పూడ్చడానికి పది నిమిషాలు చాలు.