స్కాచ్ బేరం: లేబుల్ చదివినవాడికే లాభం

వైరా: మిర్చి బస్తాలో చెయ్యి పెట్టి తేమ ఎంతో, తాలు ఎంతో చెప్పగల వర్తకుడు సైతం స్కాచ్ విస్కీ సీసా ముందు నిలిచినప్పుడు ధరను చూసి సరుకును నిర్ణయించడం కద్దు. ఖమ్మం యార్డులో మచ్చు చూడనిదే జెండా పాటకు నోరు విప్పనివారు, వేల రూపాయల సీసాను పెట్టె అందం చూసి కొంటారు. శుభకార్యానికైనా, ఖాతాదారుకు కానుకగానైనా, అమెరికా నుంచి వచ్చే పిల్లలచేత తెప్పించుకొనడానికైనా కొత్తగా స్కాచ్ కొనేవారు తెలుసుకోవలసిన సంగతులు ఎక్కువేమీ లేవు. వాటిలో చాలావరకు సీసాకు అంటించిన లేబుల్ మీదనే వుంటాయి.

సరుకు ఏది?

బ్రిటన్‌లో 2009లో వచ్చిన స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం ధాన్యాన్ని పులియబెట్టడం, బట్టీ పట్టడం స్కాట్లండులోనే జరగాలి. తరువాత 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో, అక్కడే, కనీసం మూడేళ్లు మాగాలి. ఘాటు 40 శాతానికి తగ్గరాదు. నీరు, సాదా కారమెల్ రంగు తప్ప మరేదీ కలపరాదు. రంగు కలపడానికి అనుమతి వున్నందున, రంగు చూసి విస్కీ వయసు కట్టడం పొరపాటు.

భద్రాచలం అడవుల్లో ఇప్పపువ్వును పులియబెట్టి కాచే పద్ధతికీ, దీనికీ మూలసూత్రం ఒక్కటే. స్కాచ్‌కు అదనపు విలువ వచ్చేది పీపాలో గడిచిన కాలం వల్లనే. మిర్చి నిల్వలో తరుగు వున్నట్లే విస్కీకీ తరుగు వున్నది. స్కాట్లండు చలిలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. ఆ లెక్కన పీపాలో 100 లీటర్లు పోస్తే 12 ఏళ్లకు మిగిలేది సుమారు 78 లీటర్లు, 18 ఏళ్లకు 70 లీటర్లు. పెట్టుబడిపై వడ్డీ, గిడ్డంగి ఖర్చు దీనికి అదనం. వయసు పెరిగిన కొద్దీ ధర పెరగడానికి కారణం ఇదే.

రకాలు ప్రధానంగా రెండు. మొలకెత్తించిన బార్లీతో, ఒకే డిస్టిలరీలో, రాగి పాత్రల్లో తయారైనది సింగిల్ మాల్ట్. అటువంటి మాల్టులను ఇతర ధాన్యాలతో చేసిన గ్రెయిన్ విస్కీతో కలిపినది బ్లెండెడ్ స్కాచ్. కలిపినంత మాత్రాన అది నాసిరకం కాదు. బ్లెండెడ్ స్కాచ్‌కు పేరు తెచ్చిన వారిలో పలువురు కిరాణా వర్తకులే. 1820లో కిల్మార్నాక్ పట్టణంలో దుకాణం తెరచిన జాన్ వాకర్, ఎడింబరోలోని జార్జి బాలంటైన్, అబర్డీన్‌లోని చివాస్ సోదరులు ఆ కోవలోని వారే. ఏ పీపా సరుకు ఎలా వున్నా, ఖాతాదారుకు ప్రతిసారీ ఒకే రుచి అందించడం వారి వ్యాపార రహస్యం.

పాటిసన్ దివాలా

కలపడంలో నిజాయితీ లోపిస్తే ఏమవుతుందో కూడా స్కాచ్ చరిత్రలోనే వున్నది. లీత్ రేవులోని పాటిసన్ సోదరులు నిల్వలు చూపించి బ్యాంకులవద్ద అప్పులు తెచ్చారు. ప్రచారం కోసం మాట్లాడే చిలుకలను సారాయి దుకాణాలకు పంచిపెట్టారు. 1898 డిసెంబరులో సంస్థ చెల్లింపులు ఆపివేసింది. చవక గ్రెయిన్ విస్కీలో కొద్దిగా మాల్టు కలిపి మేలురకం గ్లెన్‌లివెట్‌గా అమ్మినట్లు తేలింది. సోదరులిద్దరికీ 1901లో జైలుశిక్ష పడింది. వారితో లావాదేవీలున్న పలు సంస్థలు కూడా కూలినవి. విస్కీ అంటే ఏమిటో తేల్చడానికి నియమించిన రాయల్ కమిషన్ 1909లో నివేదిక ఇవ్వగా, మాగబెట్టే కాలానికి కనీస పరిమితి 1915లో చట్టమైనది. నేటి లేబుల్ మీది ప్రతి మాట వెనుక ఇటువంటి నష్టాల అనుభవం వున్నది.

అంకెలు, పేర్లు

లేబుల్ మీద 12 సంవత్సరాలు అని వుంటే, అందులో కలిసిన విస్కీలన్నిటిలో చిన్నదాని వయసు 12 అని అర్థం. సగటు కాదు. జానీవాకర్ బ్లాక్ లేబుల్, చివాస్ రీగల్ 12 ఈ తరగతికి చెందినవి. వయసు వేయని సీసాలో వున్నది మూడేళ్లు దాటిన సరుకు అని మాత్రమే చెప్పగలం. పేరులోని ప్రతి అంకె వయసు కాదు. వ్యాట్ 69లోని 69 పీపా సంఖ్య; 100 పైపర్స్‌లోని 100కూ ఏళ్లకూ సంబంధం లేదు.

పేరులో స్కాట్లండు వాసన వున్నంత మాత్రాన అది స్కాచ్ కాదు. పీటర్ స్కాట్ అనే భారతీయ విస్కీ పేరుపై స్కాచ్ విస్కీ అసోసియేషన్ తెచ్చిన వ్యాజ్యంలో 2008 మే 27న సుప్రీంకోర్టు ఖోడే సంస్థకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అభ్యంతరం తెలపడంలో అసోసియేషన్ చేసిన జాప్యం అందుకొక కారణం. కనుక కొనుగోలుదారు చూడవలసినది స్కాచ్ విస్కీ అన్న రెండు మాటలను. స్కాచ్ మాల్టు కలిసిన భారతీయ విస్కీలు వేరే తరగతి. రాయల్ స్టాగ్, బ్లెండర్స్ ప్రైడ్ వంటివి ఇక్కడి ధాన్యపు స్పిరిట్‌లో స్కాచ్ మాల్టు కలిపినవి.

పీపాల్లో దిగుమతి చేసి ఇక్కడ సీసాల్లో నింపిన స్కాచ్ మరొక తరగతి. టీచర్స్, వ్యాట్ 69 ఇందుకు ఉదాహరణలు. ఇదీ అసలు స్కాచే. సీసా, రవాణా ఖర్చులు తగ్గినందున ధర తక్కువ. అయితే 2012 నవంబరు నుంచి సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను స్కాట్లండులోనే సీసాలో నింపాలన్న నియమం వున్నది. సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటూనే భారతదేశంలో నింపినట్లు రాసివుంటే ఆ సీసాను ముట్టకపోవడం మంచిది.

తూకం, సుంకం

విదేశీ సీసా మామూలుగా 700 మిల్లీలీటర్లు, ఘాటు 40 శాతం. ఇక్కడి సీసా 750 మిల్లీలీటర్లు, ఘాటు తరచుగా 42.8 శాతం. మొదటిదానిలో వున్న ఆల్కహాలు 280 మిల్లీలీటర్లు కాగా రెండవదానిలో 321. దాదాపు 15 శాతం తేడా. క్వింటాలు ధర కట్టకుండా బస్తా ధరకు బేరమాడనట్లే, ఇక్కడా మిల్లీలీటరు లెక్క కట్టి ధరలు పోల్చాలి.

2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్‌పై 150 శాతం కస్టమ్స్ సుంకం అమలు తేదీ నుంచి 75 శాతానికి, పదవ ఏటికి 40 శాతానికి దిగాలి. సుంకం సగమైతే ధర సగమవుతుందని ఎదురుచూడడం తగదు. దిగుమతి విలువ 100 రూపాయలు అనుకుంటే, సుంకంతో 250గా వున్నది 175 అవుతుంది. అంటే తగ్గుదల 30 శాతం. ఆపైన రాష్ట్ర పన్నులు, దుకాణదారు మార్జిన్ వుండనే వుంటాయి. విదేశం నుంచి వచ్చేవారు సుంకం లేకుండా తేగలిగేది మనిషికి 2 లీటర్లు.

మచ్చు, నిల్వ

మొదటిసారే ఖరీదైన సీసా కొనడం మచ్చు చూడకుండా లాట్ కొనడమే. దొరికితే చిన్న సీసాతో మొదలుపెట్టాలి. మొదట సాదా బ్లెండెడ్, తరువాత 12 ఏళ్ల బ్లెండెడ్, ఆపైన గ్లెన్‌ఫిడిచ్, గ్లెన్‌లివెట్ వంటి స్పేసైడ్ ప్రాంతపు మెత్తని మాల్టులు, ఇది అనుభవానికి తగిన వరుస. ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ వంటివి పీట్ మట్టి పొగలో ఆరబెట్టిన బార్లీతో చేసినవి. పొగ, మందు వాసన గల వీటిని కొత్తవారు చివరకు వుంచుకొనడం మేలు. రుచి చూసేటప్పుడు కొద్దిగా పోసి ముందు వాసన చూసి, నాలుగు చుక్కల నీరు కలిపితే తేడా తెలుస్తుంది. గ్లాసునిండా ఐసు, సోడా నింపితే 18 ఏళ్ల సరుకుకు పెట్టిన సొమ్ము వృథా.

విస్కీకి సీసాలో వయసు పెరగదు. 1985లో కొన్న 12 ఏళ్ల సీసా నేటికీ 12 ఏళ్లదే. మన ఎండలకు సీసాను నీడలో, నిలువుగా వుంచాలి. మూత తీసిన సీసా సగానికి దిగిన తరువాత కొద్ది నెలల్లో ముగించాలి.

లైసెన్సు దుకాణంలో, ఎక్సైజు హోలోగ్రాం చూసి, బిల్లు తీసుకొని కొనాలి. చేతుల మీదుగా తక్కువ ధరకు వచ్చే సీసాకు ఎవరి హామీ వుండదు. ఖాళీ అయిన ఖరీదైన సీసాను లేబుల్ గీకివేయకుండా పాతసామానుకు వేస్తే అది మరొకరిని మోసగించడానికి పనికివస్తుంది. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. మద్యం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక కూడా ఆ లేబుల్ మీదనే వున్నది. మిగిలిన వివరాలు చదివినంత శ్రద్ధగా దానినీ చదవాలి.